సైపై సాల్వ్_ఐవీపీ: మోడలింగ్ పీజీలో చాలాకాలం వాడాక

మ్యాథమెటికల్ మోడలింగ్‌లో ఎమ్మెస్సీ, ఎంటెక్, పీహెచ్‌డీ ఏది చేసినా ఒక ఓడీఈ (ఆర్డినరీ డిఫరెన్షియల్ ఈక్వేషన్) సాల్వర్‌తో కాపురం తప్పదు. పైథాన్‌లో అది సైపై అనే సైంటిఫిక్ లైబ్రరీలోని సాల్వ్_ఐవీపీ (solve_ivp). 2017లో సైపై వెర్షన్ 1.0తో వచ్చింది, లైసెన్సు ఖర్చు లేదు. హోంవర్కు నుంచి థీసిస్ దాకా దీన్నే నమ్ముకోవచ్చు. కానీ డిఫాల్ట్ సెట్టింగులను మాత్రం నమ్మకండి.

ఏమీ చెప్పకపోతే మెథడ్ ఆర్‌కే45 (రంగె-కుట్టా), ఆర్‌టాల్ (విలువతో పోల్చి ఒప్పుకునే తప్పు) 0.001, ఏటాల్ (విలువతో సంబంధం లేకుండా ఒప్పుకునే తప్పు) 10⁻⁶. గ్రాఫు గీసి చూసుకోవడానికి ఇవి చాలు. సైపైలోని పాత సాల్వర్ ఓడీఈఇంట్‌లో ఆర్‌టాల్, ఏటాల్ రెండూ సుమారు 1.5×10⁻⁸ ఉండేవి, కాబట్టి పాత కోడును ఇందులోకి మార్చగానే కచ్చితత్వం చడీచప్పుడు లేకుండా పడిపోతుంది. వేటాడే, వేటకు గురయ్యే జంతువుల జనాభాలను చూపే లోట్కా-వోల్టెరా మోడల్ నడిపితే ఇది కళ్లకు కడుతుంది. రెండు జనాభాలను ఒకదానిపై ఒకటి గీస్తే మూసుకోవాల్సిన వలయం మూసుకోకుండా చుట్టుచుట్టుకీ పక్కకు జరుగుతుంది. అది చూసి జనాభాలో ఏదో మార్పు వస్తోందని రిపోర్టులో రాసేస్తే అంతే సంగతులు. మారకూడని రాశి మోడల్లో ఉంటే (అంటువ్యాధి మోడల్ ఎస్ఐఆర్‌లో మొత్తం జనాభా, పెండ్యులంలో ఎనర్జీ) దాన్ని కూడా ప్లాట్ చేయండి. అయితే ఎస్ఐఆర్‌లో మొత్తం సరిపోయిందని మురిసిపోకండి. మూడు సమీకరణాల కూడిక సున్నా కాబట్టి జవాబు తప్పైనా మొత్తం సరిగ్గానే వస్తుంది.

ఇక స్టిఫ్ సమస్యలు, అంటే చాలా వేగమైన మార్పులు, చాలా నెమ్మదైన మార్పులు కలిసి ఉండేవి. రాబర్ట్‌సన్ కెమికల్ కైనెటిక్స్ ఉదాహరణ తీసుకోండి. రేట్లు 0.04, 10⁴, 3×10⁷, మొదట్లో మొదటి పదార్థం 1, మిగతావి సున్నా. కాలం 40 దగ్గర రెండో పదార్థం సుమారు 9.2×10⁻⁶ ఉంటుంది. డిఫాల్ట్ ఏటాల్ 10⁻⁶ అంటే అసలు విలువలో పదో వంతు తప్పును ప్రతి స్టెప్పులోనూ చూసీచూడనట్టు వదిలేయడమే. ఏటాల్‌కి లిస్టు ఇవ్వొచ్చు. రెండో దానికి 10⁻¹², మిగతావాటికి 10⁻⁸ ఇస్తే సరిపోతుంది. మెథడ్ కూడా మార్చాలి. ఇక్కడ వేగమైన ఐగెన్ విలువ (అత్యంత వేగంగా జరిగే మార్పు రేటు) వేలల్లో ఉంటుంది కాబట్టి, జవాబులో పెద్ద కదలిక లేకపోయినా ఆర్‌కే45 స్టెప్పు 0.001 చుట్టుపక్కలే ఇరుక్కుపోతుంది. స్టిఫ్ సమస్యలకు పనికొచ్చే బీడీఎఫ్, రాడావ్ మెథడ్‌లకు ఆ బాధ లేదు. మీ సమస్య స్టిఫ్ అవునో కాదో తేలకపోతే ఆర్‌కే45, బీడీఎఫ్ రెండింటితోనూ నడిపి ఎన్‌ఎఫ్‌ఈవీ (ఫంక్షన్‌ని ఎన్నిసార్లు పిలిచిందో ఆ లెక్క) చూడండి. ఆర్‌కే45 లెక్క వేలల్లో, బీడీఎఫ్ లెక్క వందల్లో ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

హీట్ ఈక్వేషన్‌ని మెథడ్ ఆఫ్ లైన్స్‌తో (పొడవును గడులుగా కోసి ఓడీఈలుగా మార్చి) చేసేవాళ్లకూ ఇదే గతి. పొడవు 1, డిఫ్యూజివిటీ 1, అందులో 200 గడులు అనుకుంటే ఆర్‌కే45 స్టెప్పు సుమారు 2×10⁻⁵ దాటదు. బీడీఎఫ్‌కి జాక్_స్పార్సిటీగా ట్రైడయాగనల్ నమూనా (ఒక్కో గడికి తనతో, అటూఇటూ ఉన్న గడులతోనే సంబంధం) ఇవ్వండి. జకోబియన్ (డెరివేటివ్‌ల మ్యాట్రిక్స్) కట్టడానికి ఒక్కోసారి 200 సార్లు ఫంక్షన్ పిలిచే పని మూడుకు దిగుతుంది. ఎల్‌సోడా అనే మరో మెథడ్‌కి మాత్రం ఆ నమూనా పట్టదు, దానికి ఎల్‌బ్యాండ్, యూబ్యాండ్ (వికర్ణానికి కింద, పైన ఎన్ని వరుసలో) ఇవ్వాలి.

ఫార్మకోకైనెటిక్స్ (శరీరంలో మందు కదలికల లెక్క) వాళ్లను ముంచేది ఇంకొకటి. 12 గంటలకోసారి 5 నిమిషాల ఇన్‌ఫ్యూజన్‌ని (నరంలోకి మందు ఎక్కించడం) ఫంక్షన్‌లో ఇఫ్‌తో రాస్తారు. మధ్యలో ఏ కదలికా లేక స్టెప్పు గంటల్లోకి పెరిగిపోతుంది, డోసు మీదుగా దూకేస్తుంది. ఎర్రర్ రాదు, సక్సెస్ ట్రూ అనే చూపిస్తుంది. టీ_ఎవాల్‌లో (జవాబు కావాల్సిన సమయాల జాబితా) పాయింట్లు పెంచితే లాభం లేదు. అది వేసిన స్టెప్పుల మధ్య ఇంటర్‌పొలేషనే తప్ప స్టెప్పును తగ్గించదు. మ్యాక్స్_స్టెప్ (స్టెప్పుకు గరిష్ఠ హద్దు) 0.05 గంట పెడితే డోసు దొరుకుతుంది, కానీ పది రోజులకు కనీసం 4,800 స్టెప్పులు. డోసు మొదలు, ముగింపుల దగ్గర ఇంటిగ్రేషన్ ఆపి, చివరి విలువతో మళ్లీ మొదలుపెట్టడమే శుభ్రమైన పద్ధతి. ఒక రాశి సున్నా దాటే క్షణాన్ని పట్టుకునే ఈవెంట్స్‌తోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఒకే స్టెప్పులో రెండుసార్లు సున్నా దాటితే దానికి కనపడదు.

ఎక్కువ రోజులు తినేసేది పారామీటర్ ఫిట్టింగ్, అంటే డేటాకు సరిపోయేలా మోడల్లోని పారామీటర్‌లను వెతకడం. దీనికి వాడే సైపై ఫంక్షన్ లీస్ట్_స్క్వేర్స్ మామూలుగా పారామీటర్‌ని సుమారు 1.5×10⁻⁸ రెట్లు కదిపి డెరివేటివ్ లెక్కేస్తుంది. సాల్వర్ తప్పు 10⁻³ స్థాయిలో ఉంటే ఆ చిన్న కదలికకు ఒక స్టెప్పు అంగీకారం కాస్తా తిరస్కారమైనా డెరివేటివ్ చెత్తగా మారుతుంది. ఫిట్ మొదటి అంచనా దగ్గరే కూలబడుతుంది. ఆర్‌టాల్ 10⁻⁸, ఏటాల్ 10⁻¹⁰, డిఫ్_స్టెప్ (పారామీటర్‌ని కదిపే ఆ రెట్టింపు) 10⁻⁴ పెట్టి చూడండి. అప్పటికీ ఎస్ఐఆర్‌లోని బీటా (వ్యాప్తి రేటు), గామా (కోలుకునే రేటు) ఊగుతుంటే సాల్వర్‌ని తిట్టకండి. ఎపిడెమిక్ తొలి రోజుల ఇన్‌ఫెక్షన్ లెక్కలు మాత్రమే ఉంటే వాటిలో తెలిసేది బీటా మైనస్ గామా ఒక్కటే. గామాను వైద్య సమాచారం నుంచి తెచ్చి స్థిరం చేయాల్సిందే.

చిన్న చికాకులు రెండు. ఓడీఈఇంట్‌కి ఇచ్చే ఫంక్షన్‌లో వై (చలరాశులు) ముందు, ఇందులో టీ (కాలం) ముందు. ఫలితం కూడా అడ్డంగా వస్తుంది, ఒక్కో చలరాశికి ఒక్కో వరుస. ప్లాట్ చేసేటప్పుడు ట్రాన్స్‌పోజ్ చేయడం మరవకండి.