పీసీఓడీ ప్యాకేజీలో లేని పరీక్ష: సూర్యారావుపేట, కొత్తపేట ల్యాబ్ సేవలపై సమీక్ష

విజయవాడ సూర్యారావుపేటలో గానీ గుంటూరు కొత్తపేటలో గానీ ల్యాబ్ కౌంటర్ దగ్గర నిలబడితే ‘పీసీఓడీ ప్యాకేజీ’, ‘లేడీస్ క్యాన్సర్ ప్యాకేజీ’ అని కరపత్రాలు చేతికొస్తాయి. పొద్దున్నే కుర్రాడు ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తాడు, సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్టు. రక్తం వరకూ ఈ సేవకు పెద్దగా వంక పెట్టలేం. కానీ పీసీఓడీ (నెలసరి తప్పుతూ, అండాశయాల్లో బుడగలు కనపడే హార్మోన్ సమస్య) ఉన్నవాళ్ళు ఈ రెండూ చేయించుకుని ‘క్యాన్సర్ కూడా చూసేశారు, ఏమీ లేదు’ అని ధీమాగా ఉండిపోవడమే ప్రమాదం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రక్తంలో దొరికేది కాదు. ముఖద్వారాన్ని కంటితో చూడాలి, లేదా అక్కడి కణాలు తీసి పరీక్షించాలి. సూదితో తీసిన ఏ గొట్టమూ ఆ పని చేయదు.

ఇది ఏ ఒక్క ల్యాబు మీదో రాసిన సమీక్ష కాదు. ఈ తరహా ప్యాకేజీలో ఏది పనికొస్తుంది, ఏది దండగ, ఏది విడిగా అడిగి చేయించుకోవాలి అన్నదే విషయం.

ముందు పీసీఓడీ వైపు. జబ్బు ఉందని చెప్పడానికి మూడు లక్షణాల్లో రెండు చాలు. ఒకటి, 35 రోజులు దాటి వచ్చే నెలసరి లేదా ఏడాదికి 8 కంటే తక్కువ సార్లు రావడం. రెండు, గడ్డం మీసాల చోట వెంట్రుకలు, లేదా రక్తంలో పురుష హార్మోన్ ఎక్కువ ఉండటం. మూడు, స్కానింగ్‌లో అండాశయం నిండా చిన్న చిన్న బుడగలు, లేదా రక్తంలో ఏఎంహెచ్ (అండాశయంలోని చిన్న బుడగలు విడుదల చేసే హార్మోన్) ఎక్కువగా ఉండటం. మొదటి రెండూ ఉంటే పేరు పెట్టడానికి మూడోది అక్కర్లేదు. కావాల్సి వచ్చినా స్కానింగో ఏఎంహెచ్చో ఒక్కటి చాలు. అందుకే రెండూ కలిపి అమ్మే ప్యాకేజీలో ఒకదాని ఖర్చు వృథా. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాన్ని నడిపే రెండు హార్మోన్లు) నిష్పత్తి చూసి పీసీఓడీ అని తేల్చే పద్ధతి ఎప్పుడో పోయింది. ఫాస్టింగ్ ఇన్సులిన్ చూసినా వైద్యం మారదు. తప్పకుండా ఉండాల్సినవి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ప్రొలాక్టిన్ (పాల హార్మోన్), 17 హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ (అడ్రినల్ గ్రంథి లోపం చూసేది). ఇవి పీసీఓడీలా కనిపించే వేరే జబ్బుల్ని పక్కకు తీసేస్తాయి. ఈ మూడో పరీక్ష చాలా ప్యాకేజీల్లో ఉండదు, అడగాలి. ఇక నెలసరి మొదలై 8 ఏళ్ళు నిండని అమ్మాయికి స్కానింగ్ చేసి ‘బుడగలున్నాయి’ అని భయపెట్టడం తప్పు. ఆ వయసులో అవి మామూలే.

రిపోర్టు తప్పు వస్తే కారణం ప్రతిసారీ మెషినే కాదు, ముందు రోజు మింగిన మాత్ర కూడా కావచ్చు. జుట్టు రాలుతోందని పీసీఓడీ వాళ్ళలో చాలామంది బయోటిన్ అనే విటమిన్ మాత్ర వేసుకుంటారు. అది కొన్ని మెషిన్లలో టీఎస్‌హెచ్‌నూ, ఇతర హార్మోన్లనూ తారుమారు చేస్తుంది. కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపాలి, మోతాదు ఎక్కువైతే ఇంకా ముందే. గ్యాస్ మాత్రల్లో కలిసుండే డాంపెరిడోన్, లెవోసల్పిరైడ్ ప్రొలాక్టిన్‌ను పెంచేస్తాయి. గర్భనిరోధక మాత్రలు వాడుతుండగా టెస్టోస్టిరాన్ చూస్తే అంకె తక్కువగా వస్తుంది, దాన్ని నమ్మకూడదు. శాంపిల్ తీసే కుర్రాడు ఈ మూడూ అడిగి ఫారం మీద రాసుకుంటే ఆ ల్యాబుకు మంచి మార్కులు వేయొచ్చు.

షుగర్ పరీక్షలో జరిగే పొరపాటు మరీ ఎక్కువ. పీసీఓడీకి చేయాల్సింది 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష. రాత్రి నుంచి కనీసం 8 గంటలు ఏమీ తినకుండా వచ్చి ఒక శాంపిల్ ఇవ్వాలి. 75 గ్రాముల గ్లూకోజ్‌ను 250 నుంచి 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి 5 నిమిషాల్లో తాగేయాలి. తాగడం మొదలెట్టిన క్షణం నుంచి సరిగ్గా 2 గంటలకు రెండో శాంపిల్. ఆ రెండు గంటలూ కూర్చునే ఉండాలి. ‘టిఫిన్ చేసి రండమ్మా’ అని పంపించి, నాలుగు ఇడ్లీలు తిన్నాక తీస్తే అది వేరే పరీక్ష. రెండో శాంపిల్‌లో 140 నుంచి 199 వస్తే షుగర్ అంచున ఉన్నట్టు, 200 ఆపైన వస్తే షుగరే. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ ఒక్కటే చేసి సరిపెట్టే ప్యాకేజీలు కూడా ఉన్నాయి. రక్తస్రావం ఎక్కువై రక్తం తక్కువగా ఉన్నవాళ్ళలో, రక్తం ఎక్కించుకున్నవాళ్ళలో ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. పీసీఓడీ వల్ల ముఖద్వార క్యాన్సర్ రాదు. దానికి కారణం హెచ్‌పీవీ అనే వైరస్ ఏళ్ళ తరబడి అక్కడే తిష్ఠ వేయడం. అందులో 16, 18 రకాలే సుమారు 70 శాతం కేసులకు మూలం. పీసీఓడీ పెంచే ముప్పు వేరే చోట ఉంది. నెలసరి నెలల తరబడి రాకపోతే గర్భసంచి లోపొర మందంగా పేరుకుని, అక్కడ క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. మూడు నెలలకొకసారైనా మాత్రలతో నెలసరి తెప్పించేది ఇందుకే. రెండూ గర్భసంచిలోనే ఉన్నా రెండు వేర్వేరు జబ్బులు, రెండింటికీ పరీక్షలు వేరు. పాప్ స్మియర్ (ముఖద్వారం కణాలు తీసి మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష) లోపొర క్యాన్సర్ కోసం చేసేది కాదు. స్కానింగ్‌లో లోపొర మందం తెలుస్తుంది గానీ తొలి దశలో ఉన్న ముఖద్వార క్యాన్సర్ కనపడదు. ‘లేడీస్ క్యాన్సర్ ప్యాకేజీ’లో పెట్టే సీఏ-125 అనే రక్త పరీక్ష ఈ రెండింటిలో దేన్నీ తొలి దశలో పట్టదు. ఆ ఒక్క పరీక్ష పెట్టి క్యాన్సర్ పేరుతో అమ్మే ప్యాకేజీ కొనకపోవడమే మేలు.

పీసీఓడీ ఉండటం ముఖద్వార క్యాన్సర్ తెప్పించదు గానీ దాని ఆనవాలును మాత్రం దాచేస్తుంది. నెలసరికీ నెలసరికీ మధ్యలో రక్తం కనపడితే ‘నాకెప్పుడూ ఇంతే, బుడగలున్నాయిగా’ అని ఆమే అనుకుంటుంది. ఇంట్లోవాళ్ళూ అదే అంటారు, ఒక్కోసారి మందుల చీటీ రాసేవాళ్ళు కూడా. పీసీఓడీలో నెలసరి ఆలస్యమై ఒక్కసారిగా ఎక్కువ పోవడం ఉంటుంది. కానీ భార్యాభర్తల కలయిక తర్వాత రక్తం కనపడటం, దుర్వాసనతో నీళ్ళలాగానో రక్తం కలిసిన తెల్లబట్టగానో పోవడం, ముట్లుడిగాక మళ్ళీ కనపడటం పీసీఓడీ లెక్కలోకి రావు. ఇవి ఉంటే ప్యాకేజీ బుక్ చేయడం మాని గైనకాలజిస్టు దగ్గర స్పెక్యులమ్ పరీక్ష (యోనిలో పరికరం పెట్టి ముఖద్వారాన్ని కంటితో చూడటం) చేయించుకోవాలి. ముఖద్వారం మీద కురుపు కనపడితే పాప్ స్మియర్‌తో ఆగకూడదు. రక్తం, కుళ్ళిన కణజాలం కమ్ముకుని స్మియర్ మామూలుగా వచ్చే అవకాశం ఉంది. అక్కడ ముక్క తీసి బయాప్సీకి పంపడమే సరైన పని.

ఏ బాధా లేనివాళ్ళకు స్క్రీనింగ్ ఎలా? 30 ఏళ్ళు దాటితే హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష అన్నింటికన్నా నమ్మదగినది. ఫలితం నెగెటివ్ వస్తే 5 నుంచి 10 ఏళ్ళకొకసారి చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు 25 నుంచే మొదలుపెట్టి, 3 నుంచి 5 ఏళ్ళకొకసారి చేయించుకోవాలి. పాప్ స్మియర్ అయితే 3 ఏళ్ళకొకసారి. ఫోన్ చేసినప్పుడు ‘గాజు స్లైడా, లిక్విడ్ డబ్బానా’ అని అడగండి. స్లైడ్ అయితే తీసిన వెంటనే 95 శాతం ఆల్కహాల్‌లో ముంచాలి. ఫ్యాను కింద కొన్ని క్షణాలు ఆరినా కణాలు ఉబ్బి, చదవడానికి పనికిరావు. ఎండాకాలం మన ఊళ్ళలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. లిక్విడ్ పద్ధతిలో బ్రష్‌ను ముఖద్వారంలో పెట్టి ఒకే వైపుకు 5 సార్లు తిప్పి డబ్బాలో జాడిస్తారు. ఆరిపోయే బాధ ఉండదు, పైగా అదే డబ్బాలోంచి హెచ్‌పీవీ కూడా చేయొచ్చు. ధర ఎక్కువైనా లిక్విడ్‌కే మా ఓటు.

పరీక్షకు 48 గంటల ముందు నుంచి కలయిక వద్దు, లోపల పెట్టే మాత్రలూ క్రీములూ వద్దు, నీళ్ళతో లోపల కడగడం వద్దు. ఇక్కడ కౌంటర్ వాళ్ళు పీసీఓడీ వాళ్ళను ఇబ్బంది పెట్టే మాట ఒకటుంది: ‘నెలసరి అయిన పదో రోజు తర్వాత రండి’. మూడు నెలలుగా నెలసరే రాని మనిషికి పదో రోజు ఎక్కడుంటుంది? ఆ మాట విని వాయిదా వేస్తూ ఏళ్ళు గడిపేవాళ్ళున్నారు. రక్తస్రావం లేని ఏ రోజైనా సరే, వెళ్ళి చేయించుకోవచ్చు. రిపోర్టులో ‘అన్‌శాటిస్ఫాక్టరీ’ అని ఉంటే అది నెగెటివ్ కాదు, చదవడానికి కణాలు చాల్లేదని అర్థం. 2 నుంచి 4 నెలల్లో మళ్ళీ చేయాలి. 16 లేదా 18 రకం పాజిటివ్ వస్తే మరో స్మియర్ కోసం ఆగకుండా కాల్పోస్కోపీకి (ముఖద్వారాన్ని పెద్దది చేసి చూపే పరికరంతో చేసే పరీక్ష) వెళ్ళాలి.

డబ్బు లేదని ఆగక్కర్లేదు. జాతీయ కార్యక్రమం కింద 30 నుంచి 65 ఏళ్ళ ఆడవాళ్ళకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో వీఐఏ పరీక్ష ఉంది. ముఖద్వారానికి పలచని ఎసిటిక్ ఆమ్లం పూసి, ఒక నిమిషం ఆగి తెల్లమచ్చ వచ్చిందేమో చూస్తారు. అక్కడికక్కడే ఫలితం. 50 దాటినవాళ్ళలో మాత్రం చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోతుంది కనుక వాళ్ళకు హెచ్‌పీవీ పరీక్షే మేలు.

పీసీఓడీ, ముఖద్వార క్యాన్సర్ రెండూ కలిసి ఉన్నవాళ్ళ మాటకొద్దాం. వైద్యానికి గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో నాట్కో ట్రస్టు సాయంతో కట్టిన క్యాన్సర్ విభాగం ఉంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద వెళ్ళేవాళ్ళు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్‌లో ముందుగా మాట్లాడుకోవాలి. ఎక్కడికి వెళ్ళినా క్యాన్సర్ డాక్టరుకు పీసీఓడీ మందుల పట్టీ మొత్తం చూపించాలి. ‘అది చిన్న సమస్యలే’ అని చెప్పకుండా వదిలేయడం వల్లే చిక్కులు వస్తాయి.

ముఖద్వార క్యాన్సర్ కొంత ముదిరాక ఇచ్చే మామూలు వైద్యం ఇది: వారానికి 5 రోజుల చొప్పున దాదాపు 5 వారాలు బయటి నుంచి రేడియేషన్, వారానికొకసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, ఆపైన రేడియేషన్ మూలాన్ని లోపల పెట్టి ఇచ్చే బ్రాకీథెరపీ. మొత్తం 8 వారాల్లో ముగియాలి. మధ్యలో రోజులు పోతే ఫలితం తగ్గుతుంది. మొదలుపెట్టే ముందు గర్భ పరీక్ష తప్పనిసరి. నెలసరి తప్పడం అలవాటైన మనిషికి గర్భం వచ్చినా తెలియకపోవచ్చు.

పీసీఓడీకి మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) వాడేవాళ్ళకు మూడు చోట్ల జాగ్రత్త కావాలి. గడ్డ మూత్రనాళాన్ని నొక్కినా, సిస్‌ప్లాటిన్ వల్లైనా కిడ్నీ దెబ్బతింటే మెట్‌ఫార్మిన్ ఆపాల్సి రావచ్చు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్ళకు కాంట్రాస్ట్ సీటీ (నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్) ఉంటే ముందు ఆపి, 48 గంటల తర్వాత క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్త పరీక్ష) చూసి మళ్ళీ మొదలుపెడతారు. ఇక రేడియేషన్ రెండు మూడు వారాలు గడిచాక విరేచనాలు మొదలవుతాయి. మెట్‌ఫార్మిన్ కూడా అదే పని చేస్తుంది. రెండూ కలిస్తే మనిషి నీరసించిపోతుంది. మోతాదు తగ్గించాలా ఆపాలా అన్నది డాక్టరుతో తేల్చుకోవాలి, సొంతంగా కాదు. వెంట్రుకల కోసం స్పైరనోలాక్టోన్ వాడుతుంటే కిడ్నీ తగ్గినప్పుడు పొటాషియం పెరుగుతుంది, అది కూడా చెప్పాలి.

వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథాసోన్ షుగర్‌ను పెంచుతుంది. పొద్దున ఇస్తే ఆ పెరుగుదల మధ్యాహ్నం, సాయంత్రం కనపడుతుంది. ఫాస్టింగ్ మాత్రమే చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. కీమో రోజున భోజనం తర్వాత, సాయంత్రం కూడా గ్లూకోమీటర్‌తో చూడాలి.

తిండి విషయంలో రెండు జబ్బులూ ఎదురెదురుగా నిలబడతాయి. పీసీఓడీకి జొన్న రొట్టె, ఆకుకూరలు, పొట్టు పప్పులు తినమంటారు. రేడియేషన్ విరేచనాల రోజుల్లో అవే పేగును రేపుతాయి. ఆ కొద్ది వారాలు మెత్తటి అన్నం, పడితే పలచటి మజ్జిగ, అరటిపండు, గుడ్డు తినాలి. గోంగూర పచ్చడి, మిరపకాయ కారం పూర్తిగా పక్కన పెట్టాలి. వైద్యం అయ్యాక పాత పద్ధతికి నెమ్మదిగా రావొచ్చు. బరువు తగ్గుతోందని సంతోషించే సమయం కాదిది.

పొత్తికడుపుకు రేడియేషన్ అయ్యాక అండాశయాలు పనిచేయవు. నెలసరి ఆగిపోతే పీసీఓడీ వల్ల అనుకోకూడదు, అది ముందే వచ్చిన ముట్లుడగడం. పిల్లలు కావాలనుకునేవాళ్ళు అండాలు దాచుకునే సంగతి, అండాశయాలను పైకి జరిపి కుట్టే ఆపరేషన్ సంగతి మొదలుకాక ముందే అడగాలి. పీసీఓడీ వాళ్ళకు అండాల ఇంజెక్షన్లతో అండాశయాలు అతిగా ఉబ్బే ముప్పు ఉంది కనుక ఆ మాట ఫెర్టిలిటీ డాక్టరుకు ముందే చెప్పాలి. వైద్యం అయ్యాక ఎముకల స్కాన్, ఏటా షుగర్, కొవ్వు పరీక్షలు కొనసాగాలి. పీసీఓడీలో హార్మోన్ భాగం ముగిసినా షుగర్ ముప్పు ముగియదు. యోని దారి కుంచించుకుపోకుండా డైలేటర్ (లోపల పెట్టుకునే నున్నటి గొట్టం లాంటి పరికరం) వాడటం గురించి ఎవరూ నోరు తెరిచి చెప్పరు. అడిగి నేర్చుకోవాలి.

ఇంటికొచ్చి రక్తం తీసే సేవ నిజంగా అక్కరకొచ్చేది ఈ దశలోనే. ప్రతి సిస్‌ప్లాటిన్‌కు ముందు రక్తకణాలు, క్రియాటినిన్, సోడియం, పొటాషియం, మెగ్నీషియం చూడాలి. ముందు రోజు ఇంట్లోనే ఇచ్చేస్తే ఆసుపత్రిలో సగం రోజు మిగులుతుంది. అన్ని వారాలూ ఒకే ల్యాబులో చేయించాలి, లేకపోతే అంకెలు పోల్చుకోవడం కష్టం. మెగ్నీషియం చాలా ప్యాకేజీల్లో ఉండదు, విడిగా రాయించుకోవాలి. జ్వరం 100.4 డిగ్రీలు తాకితే మాత్రం శాంపిల్ కుర్రాడి కోసం ఎదురు చూడకుండా, రాత్రయినా సరే, కీమో ఇచ్చిన ఆసుపత్రికే నేరుగా వెళ్ళాలి.