ఆరేళ్లు, 74 వేల కిలోమీటర్లు నడిపాక ఏఎంటీ కారు: ‘ఎన్’ మెరిసిందంటే గేర్‌బాక్స్ పోయినట్టే కాదు

ఏఎంటీ (క్లచ్, గేర్ల పనిని కంప్యూటరే చేసే మాన్యువల్ గేర్‌బాక్స్) కార్ల మీద కొత్తలో రాసే సమీక్షలన్నీ ఎడమ కాలికి దొరికిన సుఖం దగ్గరే ఆగిపోతాయి. ఆ సుఖం అబద్ధం కాదు. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట నుంచి మియాపూర్ వెళ్లే బండిలో క్లచ్ పెడల్ లేకపోవడం ఎంత హాయో ఆ దారిలో నడిపే ఎవరినడిగినా చెబుతారు. మైలేజీ, బూట్ స్పేస్ లాంటివన్నీ అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. నా కోపమంతా ఒక్కదాని మీదే. డ్యాష్‌బోర్డు మీద న్యూట్రల్‌ను చూపే ‘ఎన్’ అక్షరం మెరుస్తుంది, బీప్ కొడుతుంది, లివర్ ‘డి’ (డ్రైవ్)లోకి తోసినా గేరు పడదు. ఇంజిన్ చక్కగా తిరుగుతూనే ఉంటుంది, బండి మాత్రం అంగుళం కదలదు. సర్వీసు సెంటర్ భాషలో ఇది ‘చిన్న ఎలక్ట్రికల్ కంప్లైంట్’. ఫ్లైఓవర్ మీద, పక్కకు తీయడానికి జాగా లేనిచోట, వెనక లారీలు వస్తుండగా కదలని కారును నేను చిన్న కంప్లైంట్ అనలేను. అది ప్రాణాల మీదకు తెచ్చే లోపం.

కారు పేరు, కంపెనీ పేరు రాయడం లేదు. పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, హైడ్రాలిక్ యాక్చుయేటర్‌తో (ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను, గేర్లను కదిపే పరికరంతో) పనిచేసే ఏఎంటీ అని తెలిస్తే చాలు. ఇలాంటి అమరిక చాలా కంపెనీల చిన్న కార్లలో ఉంది కాబట్టి కింద చెప్పేవి వాటికీ పనికొస్తాయి. ఆయిల్ పంపు లేకుండా మోటారే నేరుగా క్లచ్‌ను కదిపే రకం కూడా ఉంది. పంపు, ఆయిల్ గురించిన మాటలు దానికి వర్తించవు.

సమస్య 61 వేల కిలోమీటర్ల దగ్గర మొదలైంది. అంతకు మూడు వేల కిలోమీటర్ల ముందే క్లచ్ సెట్ మార్చి ఉండటంతో అందరి అనుమానమూ దాని మీదకే పోయింది. తీరు ఎప్పుడూ ఒకటే. సిగ్నల్ దగ్గర లివర్ ‘ఎన్’లో పెట్టి ఆగుతాం. పచ్చలైటు పడ్డాక బ్రేక్ తొక్కి ‘డి’లోకి తోస్తే ‘ఎన్’ మెరవడం మొదలవుతుంది. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఒక్కోసారి వెంటనే, ఒక్కోసారి మూడో ప్రయత్నానికి గేరు పడుతుంది. మొదట నెలకోసారి, తర్వాత వారానికి రెండు మూడుసార్లు, అదీ ఎక్కువగా మధ్యాహ్నం ఎండలో బండి నిలిపి తీసిన తర్వాత. నడుస్తున్నప్పుడు గేరు ఊడిపోవడం ఒక్కసారి కూడా జరగలేదు. ఇది చాలా ముఖ్యమైన గుర్తు. గేర్‌బాక్స్‌లోనో యాక్చుయేటర్‌లోనో నిజంగా లోపముంటే గేర్లు మారేటప్పుడు కూడా ఏదో ఒక తేడా బయటపడాలి. ఇక్కడ ఒకటి నుంచి ఐదు దాకా గేర్లన్నీ శుభ్రంగా మారుతున్నాయి, నిలబడ్డ బండి కదలడానికే ఇబ్బంది.

సర్వీసు సెంటర్‌లో క్లచ్ లెర్నింగ్ (క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కు కొత్తగా నేర్పడం) రెండుసార్లు చేశారు. మార్పు లేదు. మూడోసారి యాక్చుయేటర్ కిట్ మొత్తం మార్చాలని 50 వేలు దాటిన ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. బ్రేక్ స్విచ్ చూశారా అని అడిగితే, వెనక బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి స్విచ్ బాగానే ఉందన్నారు. అసలు పొరపాటు ఈ మాటలోనే ఉంది.

బ్రేక్ పెడల్ పైన, డ్యాష్‌బోర్డు లోపల ఉండే ఆ స్విచ్‌కు సాధారణంగా నాలుగు వైర్లు ఉంటాయి. లోపల కాంటాక్టులు రెండు జతలు. ఒక జత వెనక లైట్లకు కరెంటు ఇస్తుంది. రెండో జత కాలు పెడల్ మీద ఉందో లేదో కారులోని కంప్యూటర్‌కు చెబుతుంది. ఈ రెండూ తిరగేసి పనిచేస్తాయి: పెడల్ తొక్కినప్పుడు ఒకటి కలిస్తే ఇంకోటి విడిపోవాలి. రెండింటి మాటా పొసిగితేనే బ్రేక్ పడిందని కంప్యూటర్ నమ్ముతుంది. కాలు బ్రేక్ మీద ఉందని రూఢి కానిదే ‘ఎన్’ నుంచి ‘డి’కో ‘ఆర్’కో వెళ్లనివ్వదు, అది భద్రత కోసం పెట్టిన అడ్డు. కాబట్టి రెండో జత కాంటాక్టులు అరిగిపోయినా, మసి పట్టినా, ప్లాస్టిక్ క్లిప్ వదులై స్విచ్ ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా లైట్లు మామూలుగా వెలుగుతూనే ఉంటాయి, గేరు మాత్రం పడదు. వేలాది సార్లు నొక్కుడుపడే ప్లాస్టిక్ భాగం, ఎండకు ఉడికే క్యాబిన్. ట్రాఫిక్‌లో రోజూ తిరిగే బండికి ఆరేడేళ్లలో ఇది అరగడం వింత కాదు. రివాజుగా చేసే సర్వీసులో దీన్ని చూడకపోవడమే నాకు వింత.

రుజువు చేసుకోవడం తేలిక. కారు కంప్యూటర్‌లోని సమాచారాన్ని ఫోన్‌కు చేరవేసే, బ్లూటూత్‌తో పనిచేసే ఈఎల్‌ఎం-327 రకం ఓబీడీ పరికరాన్ని స్టీరింగ్ కింది సాకెట్‌లో పెట్టి, లైవ్ డేటా చూపించే యాప్ తెరవండి. చవకరకం పరికరాలు గేర్‌బాక్స్ కంప్యూటర్ దాకా వెళ్లకపోవచ్చు. ఈ పనికి ఇంజిన్ కంప్యూటర్ చదివితే సరిపోతుంది. బ్రేక్ స్విచ్‌కు సంబంధించి రెండు వరసలు కనబడితే పెడల్ నెమ్మదిగా పదిసార్లు తొక్కి వదలండి. ఈ బండిలో ఒక వరస పదికి పదిసార్లూ మారింది, రెండోది ఆరుసార్లే మారింది. లోపాన్ని సూచించే కోడ్ పి-0504 కూడా కంప్యూటర్‌లో నిల్వ ఉంది. రెండు బ్రేక్ సంకేతాలు పొసగడం లేదని దాని అర్థం. పి-0571 కనిపించినా ఆ స్విచ్ సర్క్యూట్ వైపే చూడాలి. ‘ఎన్’ మెరిసిన రోజునే కోడ్ చదివించండి. సర్వీసు సెంటర్‌లో కోడ్లు చెరిపేశాక ఆధారం మిగలదు.

స్విచ్ ఖరీదు ఐదు వందల లోపు. మార్చడానికి పావుగంట పట్టింది. స్విచ్‌లు రెండు రకాలు. మరలతో లాక్ నట్ ఉండే రకానికి, పెడల్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు స్విచ్ చివర ఉండే పుల్ల లోపలికి నొక్కుకుని ఉండేలా దూరం సరిచేసి నట్ బిగించాలి. పావు వంతు తిప్పితే ఊడే రకం తనంతట తాను దూరం సర్దుకుంటుంది, కాబట్టి బిగించే వరస తప్పకూడదు: ఇగ్నిషన్ ఆపాలి, కనెక్టర్ పీకాలి, పాత స్విచ్ తిప్పి తీయాలి, పెడల్‌ను చేత్తో కిందికి నొక్కి పట్టుకోవాలి, కొత్త స్విచ్ పుల్లను పూర్తిగా బయటికి లాగి బిగించాలి, ఆ తర్వాతే పెడల్ మెల్లగా వదలాలి. పెడల్ పైన ఉండగానే బిగిస్తే దూరం తప్పి బ్రేక్ లైట్లు ఆరకుండా వెలుగుతూనే ఉంటాయి. అదీ ప్రమాదమే. మనం ఎప్పుడు బ్రేక్ వేస్తున్నామో వెనకవాళ్లకు తెలియదు. బిగించాక ఒకరిని వెనక నిలబెట్టి, పెడల్ కొంచెం తాకగానే లైట్లు వెలగడం, వదలగానే ఆరడం చూడండి. చివరగా కోడ్ చెరిపి, లైవ్ డేటాలో పదిసార్లు తొక్కే పరీక్ష మళ్లీ చేయండి.

ఆ తర్వాత పదకొండు వేల కిలోమీటర్లు నడిచింది, ‘ఎన్’ మళ్లీ మెరవలేదు. యాక్చుయేటర్ పాతదే.

అలాగని ‘ఎన్’ మెరిసినప్పుడల్లా స్విచ్ కొనుక్కోమని చెప్పను. మొదట బ్యాటరీ చూడాలి. హైడ్రాలిక్ పంపు కరెంటుతో తిరిగేదే, వోల్టేజీ పడిపోతే ఆయిల్‌లో ఒత్తిడి పుట్టదు, గేరు పడదు. రాత్రంతా ఊరికే ఉన్న బ్యాటరీలో మల్టీమీటర్ 12.4కు పైన చూపించాలి, ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. తర్వాత పంపు చప్పుడు. ఉదయం డ్రైవర్ తలుపు తీయగానే రెండు మూడు సెకన్లు ‘జుయ్’మని తిరిగి ఆగడం మంచి లక్షణం. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు, రిలే చూడాలి. గేరు మార్చకుండా బండి నిలబడి ఉన్నా కొద్ది సెకన్లకోసారి పంపు తిరుగుతూనే ఉంటే ఒత్తిడి నిలవడం లేదన్నమాట, అంటే ఒత్తిడిని నిల్వ ఉంచే అక్యుమ్యులేటర్ బలహీనపడి ఉండాలి లేదా ఎక్కడో కారుతుండాలి. ఆ దశలో పట్టించుకోకపోతే పంపు మోటారు కూడా కాలిపోతుంది. ఈ పంపుకు ఆయిల్ అందించే చిన్న డబ్బాలో ఆయిల్ తగ్గిందని ఇంట్లో ఉన్న బ్రేక్ ఆయిల్ మాత్రం పోయకండి. దానికి నిర్దేశించిన ఆయిల్ వేరు, తప్పు ఆయిల్‌తో సీళ్లు ఉబ్బి మొత్తం కిట్‌కే ఎసరు వస్తుంది.

రోడ్డు మధ్యలో ఆగిపోతే ముందు హజార్డ్ లైట్లు, హ్యాండ్‌బ్రేక్. లివర్ ‘ఎన్’లో పెట్టి ఇగ్నిషన్ పూర్తిగా ఆపి ఒక నిమిషం ఆగండి. హడావుడిగా తాళం వెంటవెంటనే తిప్పితే కంప్యూటర్‌కు రీసెట్ అయ్యే సమయం దొరకదు. ట్రాఫిక్ చూసుకుని తలుపు ఒకసారి తీసి వేస్తే పంపు ఒత్తిడి నింపుకుంటుంది. బ్రేక్ పెడల్ రెండు మూడుసార్లు గట్టిగా తొక్కి వదిలి, చివరిసారి బలంగా తొక్కి పట్టుకునే స్టార్ట్ చేయండి. స్విచ్ సమస్య అయితే సాధారణంగా దీంతో కదులుతుంది. గేరులోనే ఇరుక్కుపోయి ఆగితే తోసే ప్రయత్నం చేయకండి, చక్రాలు తిరగవు. తాడు కట్టి లాగించినా క్లచ్, గేర్లు పాడవుతాయి. ముందు చక్రాలు నేల మీద ఆనకుండా ఎత్తి తీసుకెళ్లే బండినో, ఫ్లాట్‌బెడ్‌నో పిలవాల్సిందే. బ్యాటరీ దిగిన ఏఎంటీని నెట్టి స్టార్ట్ చేయడం కూడా కుదరదు, జంపర్ కేబుల్ డిక్కీలో ఉంచుకోండి.

మొదటి రెండేళ్లలో ఈ బండిని చాలామందికి కొనమని చెప్పాను. ఇప్పుడు ఆ మాటకు కొన్ని షరతులు కలపాలి.

మొదటిది ఎత్తు. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద ముందు బండి ఆగిందని మనమూ ఆగితే, బ్రేక్ వదిలిన క్షణంలో ఏఎంటీ వెనక్కి జారుతుంది. క్లచ్ పట్టుకోవడానికి అర సెకనో సెకనో పడుతుంది, ఆలోపు వెనక ఉన్న స్కూటర్‌కు తగలొచ్చు. హిల్ హోల్డ్ ఉన్న మోడళ్లు దాదాపు రెండు సెకన్లు పట్టి ఉంచుతాయి, ఆ తర్వాత వదిలేస్తాయి. ర్యాంపు మీద ఆగితే హ్యాండ్‌బ్రేక్ లాగండి, యాక్సిలరేటర్ మెల్లగా నొక్కండి, బండి ముందుకు గుంజడం తెలిశాకే హ్యాండ్‌బ్రేక్ దించండి. యాక్సిలరేటర్ నొక్కి బండిని ఎత్తులో నిలబెట్టి ఉంచే అలవాటు మాత్రం వద్దే వద్దు. క్లచ్ ప్లేటు బదులు ఆయిల్ ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ దాన్ని కొంత ఓర్చుకుంటుంది, ఇక్కడ లోపల ఉన్నది మామూలు క్లచ్ ప్లేటే. కొన్ని సెకన్లలో కమురు వాసన వస్తుంది.

తిరుమల ఎక్కడంలో ఇబ్బంది లేదు, దిగడంలో ఉంది. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు ‘డి’లో వదిలేస్తే యాక్సిలరేటర్ మీద కాలు లేదు కదా అని బండి పై గేర్లకు పోతుంది, ఇంజిన్ బ్రేకింగ్ తగ్గుతుంది, భారమంతా బ్రేకుల మీద పడి వేడెక్కుతాయి. మాన్యువల్ మోడ్‌లో రెండో గేరు పెట్టి దిగండి. మలుపులు బాగా ముడుచుకున్నచోట ఒకటో గేరు.

పార్కింగ్‌లోనూ ఒక తేడా ఉంది. చాలా ఏఎంటీలలో ‘పి’ ఉండదు. ‘ఎన్’లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ ఒక్కదాన్నే నమ్మితే వాలు మీద కదిలే ప్రమాదం ఉంది. బ్రేక్ తొక్కి, గేరు వేసి, తర్వాత ఇంజిన్ ఆపితే గేరు అలాగే పట్టుకుని ఉంటుంది. ఎక్కువ వాలైతే చక్రం కింద రాయో చెక్కో పెట్టాలి.

ఇక క్లచ్. ఈ బండిది 58 వేలకే అయిపోయింది. మాన్యువల్ బండిలో పెడల్ పైకి రావడం చూసి అరుగుదల ముందే పసిగడతాం. ఏఎంటీలో కంప్యూటరే పట్టు బిందువును ఎప్పటికప్పుడు సర్దుకుంటూ పోవడం వల్ల అరుగుదల చివరిదాకా బయటపడదు. ఒకటో గేరులో వణుకుతూ కదలడం, నాలుగో గేరులో ఎత్తెక్కుతుంటే ఆర్‌పీఎం పెరిగినా వేగం పెరగకపోవడం కనిపిస్తే పని దగ్గరపడినట్టే. మార్చేటప్పుడు ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్పించండి. ఎలాగూ గేర్‌బాక్స్ దించుతారు. బిగించాక స్కానర్‌తో క్లచ్ లెర్నింగ్ చేశారో లేదో తప్పనిసరిగా అడగండి. అది చేయకపోతే కొత్త క్లచ్ కూడా వణుకుతుంది. లోకల్ మెకానిక్ దగ్గర ఆ స్కానర్ లేకపోతే క్లచ్ పని అక్కడ చేయించవద్దు. మిగతా పనులకు ఆయనే మేలని నా అనుభవం.

సర్వీసు సెంటర్ ఇచ్చే ప్రతి జాబ్ కార్డు మీద ‘ఎన్ మెరిసి గేరు పడలేదు, రోడ్డు మధ్యలో ఆగింది’ అని మన మాటల్లోనే రాయించుకోండి. ‘జనరల్ చెకప్’ అని రాస్తే రేపు చూపించడానికి ఏమీ ఉండదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ భద్రతా లోపాలున్న బండ్లను వెనక్కి పిలిపించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది, దాని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. తయారై ఏడేళ్లు దాటని బండ్లకే అవి వర్తిస్తాయి. యజమానులు వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు, అలా వచ్చిన ఫిర్యాదుల సంఖ్యను బట్టే రీకాల్ విచారణ మొదలవుతుంది. ఐదొందల స్విచ్చే కదా అని ఎవరికి వాళ్లం మార్చుకుని ఊరుకుంటే ఆ లెక్కలోకి మన బండి రాదు. ఆరేళ్లు దాటిన బండి ఉన్నవాళ్లకు మిగిలిన సమయం కొద్దిగానే ఉంది.

మళ్లీ కొంటానా అంటే, రోజుకు ముప్పై కిలోమీటర్లు సిటీలోనే తిరిగే ఈ బండి విషయంలో, మోకాలి నొప్పి ఉన్న మనిషి కూడా నడపాల్సిన ఇంట్లో, కొంటాననే చెబుతాను. టార్క్ కన్వర్టర్‌కు ఇంకో లక్షో లక్షన్నరో పెట్టగలిగితే, లేదా ఇంటి సెల్లార్ ర్యాంపు నిటారుగా ఉంటే నా జవాబు మారుతుంది. టెస్ట్ డ్రైవ్‌ను షోరూమ్ ముందు రోడ్డు మీద ముగించకండి. మీ సెల్లార్‌కే తీసుకెళ్లి, నలుగురిని ఎక్కించుకుని, ర్యాంపు మధ్యలో ఆపి, ముందుకు ఒకసారి, రివర్స్‌లో ఒకసారి కదిలించి చూడండి.