లిథియం తీయాలంటే స్లాగ్ మేలా, బ్లాక్ మాస్ మేలా?

ఎన్‌ఐటీ వరంగల్‌లో మెటలర్జీ చదివే పిల్లలు, హనుమకొండలో పాత లిథియం బ్యాటరీలు కొనేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది.

స్లాగ్: బ్యాటరీలను కొలిమిలో కరిగిస్తే కోబాల్ట్, నికెల్, రాగి అడుగున లోహంగా చేరతాయి. లిథియం మాత్రం పైన తేలే మడ్డిలోకి, అంటే స్లాగ్‌లోకి పోతుంది.
బ్లాక్ మాస్: బ్యాటరీలను డిశ్చార్జ్ చేసి, ముక్కలు చేసి, జల్లెడ పడితే వచ్చే నల్లపొడి.

ఖర్చు: స్లాగ్ చవక, కానీ మెత్తగా నూరడానికి కరెంటు, కరిగించడానికి యాసిడ్ బాగా కావాలి. నల్లపొడిని మంచి రేటు పెట్టి కొనాలి.

శ్రమ: అసలు తేడా ఇక్కడే. యాసిడ్‌లో స్లాగ్‌లోని లిథియంతో పాటు సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) కూడా కరుగుతుంది. నీళ్లలా ఉన్న ద్రావణం కాసేపటికి గంజిలా చిక్కబడి ఫిల్టర్ గుడ్డను మూసేస్తుంది. నల్లపొడి ద్రావణంలో మిగతా లోహాలు తీసేశాక సోడా యాష్ (సోడియం కార్బొనేట్) వేసి 90 డిగ్రీల దాకా వేడిచేస్తే తెల్లటి లిథియం కార్బొనేట్ దిగుతుంది. చక్కెరలా కాకుండా, ఇది వేడి నీళ్లలో తక్కువ కరుగుతుంది.

రిస్క్: స్లాగ్ అంటుకోదు. బ్యాటరీ చీల్చేటప్పుడు చార్జ్ మిగిలితే మంటలే, పైగా హైడ్రోజన్ ఫ్లోరైడ్ విషవాయువు. ఇళ్ల మధ్య షెడ్డులో ఈ పని దయచేసి పెట్టకండి.

కొలిమి, స్లాగ్ గుట్ట ముందే ఉన్నవాళ్లకు స్లాగ్ సరే. కోబాల్ట్, నికెల్ లేని ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీలైతే కొలిమి దండగ, బ్లాక్ మాసే నయం. కొత్తవాళ్లు రిజిస్టర్డ్ రీసైక్లర్ దగ్గర తయారైన పొడి కొని మొదలుపెట్టండి.