ద్రాస్‌లో ఒక రాత్రి ఉండి రండి

శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే ప్యాకేజీల్లో, కార్గిల్ యుద్ధ స్మారకం ఉన్న ద్రాస్‌కు మహా అయితే అరగంట ఇస్తారు. బండి దిగి, జెండా ముందు ఫొటో తీసుకుని, టీ తాగి కార్గిల్ వెళ్లిపోవాలి. మా టూర్ ఆపరేటర్ ప్లాన్ కూడా అంతే. పట్టుబట్టి రాత్రి బస ద్రాస్‌కు మార్పించుకున్నాం. కార్గిల్ హోటళ్లతో పోలిస్తే వసతులు తక్కువే. అయినా ఈసారి వెళ్లినా అక్కడే ఉంటాం.

ముందు దారి సంగతి. 2025 జనవరిలో సోన్‌మార్గ్ సొరంగం తెరిచాక అక్కడిదాకా ప్రయాణం తేలికైంది. ఆ తర్వాత వచ్చే జోజిలా కనుమ మాత్రం ఇంకా కష్టమే. 11,500 అడుగుల ఎత్తు, కొన్నిచోట్ల ఉత్త మట్టిరోడ్డు, పక్కనే లోయ. బండ్లను ఒక్కో వైపు నుంచి వంతులవారీగా వదులుతారు, అందుకే తెల్లవారుజామునే బయల్దేరాలి. మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ ఒకటి దగ్గర పెట్టుకుంటే ఇంట్లోవాళ్లకు టెన్షన్ ఉండదు.

కార్గిల్ యుద్ధ స్మారకం హైవే పక్కనే ఉంటుంది. టికెట్ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఉంచుకోండి. లోపల ఒక జవాను సందర్శకులను కూర్చోబెట్టి, ఎదురుగా ఉన్న కొండలను చూపిస్తూ యుద్ధం ఎలా జరిగిందో హిందీలో చెప్పాడు. అది వినకుండా రావొద్దు. స్మారకం వెనకే తోలోలింగ్. ఆ కొండ మీద శత్రువు ఉంటే కింద హైవే మీద కదిలే ప్రతి లారీ కనబడుతుంది, ప్రతి లారీ మీదా గుండు పడుతుంది. లేహ్‌కు సరుకులు వెళ్లే దారి అది. 1999 జూన్ 13న 2 రాజ్‌పుతానా రైఫిల్స్ జవాన్లు దాన్ని తిరిగి గెలిచారు. కింద నిలబడి తలెత్తి చూస్తే చాలు, వాళ్లు ఎక్కింది ఎలాంటి చోటో తెలుస్తుంది. నిట్టనిలువు రాయి. చాటు తీసుకోవడానికి ఒక్క చెట్టు లేదు.

ఆ బెటాలియన్‌లోనే మన హైదరాబాద్ నుంచి వెళ్లిన మేజర్ పద్మపాణి ఆచార్య ఉన్నారు. జూన్ 28 రాత్రి నోల్ శిఖరం మీద దాడిలో అందరికంటే ముందు నడిచి ప్రాణాలిచ్చారు. మహావీర చక్ర వచ్చింది. ఆ దాడికి తొమ్మిది రోజుల ముందు ఆయన ఇంటికి రాసిన ఉత్తరమే నన్ను ఎక్కువ వెంటాడుతుంది. గర్భవతిగా ఉన్న భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమని తండ్రిని అడిగారు, పుట్టబోయే బిడ్డకు మంచి బుద్ధులు రావాలని. ఆ బిడ్డ తండ్రిని చూడకుండానే పుట్టింది. అదే దాడిలో పోయిన కెప్టెన్ విజయంత్ థాపర్‌కు 22 ఏళ్లు. వీలైతే మేం పోరాడిన చోటు వచ్చి చూడండి అని అమ్మానాన్నలకు రాసి వెళ్లాడు. ఆ యుద్ధంలో పోయిన ఐదు వందల మందికి పైగా జవాన్ల పేర్లు స్మారకంలోని గోడ మీద ఉన్నాయి. చదవాలంటే అరగంట ఎక్కడ సరిపోతుంది?

మేం దిగిన హోమ్‌స్టేలోనే హిమాచల్ నుంచి వచ్చిన పెద్దావిడ, ఆమె కొడుకు ఉన్నారు. ఆవిడ మరిది ఈ యుద్ధంలో పోయాడట. స్మారకం దగ్గర ఆవిడ పేర్ల గోడ ముందు ఎక్కువసేపు నిలబడలేదు. గేటు దగ్గర డ్యూటీలో ఉన్న కుర్రాళ్ల దగ్గరికి వెళ్లి, అన్నం తిన్నారా, ఇంటికి ఫోన్ చేశారా, సెలవు ఎప్పుడు అని ఒక్కొక్కరినీ అడిగారు. ఇంటి నుంచి తెచ్చిన పిన్నీలు (పిండి లడ్డూలు) పేపర్లో చుట్టి చేతిలో పెట్టారు. రాత్రి భోజనాల దగ్గర చెప్పారు: “పెన్షన్ కాగితాల కోసం మా అత్తగారు తిరిగిన తిరుగుడు నేను చూశాను. కొడుకు పోయాడని ప్రతి టేబుల్ దగ్గరా మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చేది.”

గది విషయం. రెండు మందపాటి రజాయిలు, బకెట్‌తో వేడినీళ్లు, అడిగితే గదిలో బుఖారీ (గదిని వెచ్చబెట్టే పొయ్యి) వెలిగిస్తారు. కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. అన్నం, రాజ్మా, ఆకుకూర ఇంటి వంట. మన కారం కావాలంటే పచ్చడి పట్టుకెళ్లాలి. శుభ్రతకు వంక పెట్టలేం. 1999లో గుండ్లు పడుతుంటే ఊరు ఖాళీ చేసి వెళ్లిన రోజులు ఇంటాయన చెప్పారు. సైన్యానికి సామాన్లు మోసుకుంటూ కొండలెక్కిన ద్రాస్ మనుషుల గురించి చెప్పారు. ఈ మాటలు కార్గిల్ హోటల్ రిసెప్షన్‌లో దొరకవు. స్మారకంలోని ఆర్మీ క్యాంటీన్ టీ, మోమోలు బాగున్నాయి.

కార్గిల్‌లో పగటిపూట హుందర్‌మాన్ పాత ఊరు చూడండి. 1971 యుద్ధంతో చేతులు మారిన ఊరు అది. బంధువులు సరిహద్దుకు అవతల ఉండిపోయారు. వాళ్ల ఉత్తరాలు, సామాన్లు చిన్న మ్యూజియంగా పెట్టారు. లోకల్ టాక్సీనే మాట్లాడుకోవాలి, రేటు ముందే తేల్చుకోండి.

గుండె జబ్బు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లను మాత్రం ద్రాస్‌కు తీసుకెళ్లొద్దు, 10,000 అడుగుల పైన గాలి పలచన. వాళ్లకు ఢిల్లీలో ఇండియా గేట్ పక్కన జాతీయ యుద్ధ స్మారకం ఉంది. 2019లో తెరిచారు, ప్రవేశం ఉచితం, నేల చదునుగా ఉంటుంది. త్యాగ చక్రంలో గ్రానైట్ పలకల మీద పేర్లు ఉంటాయి. గల్వాన్‌లో పోయిన మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు పేరు కూడా అందులో ఉంది. సాయంత్రం వెళ్తే, అమరుడైన జవాను కుటుంబం వచ్చి పూలమాల ఉంచే కార్యక్రమం చూడొచ్చు. మా నాన్నగారిని అక్కడికే తీసుకెళ్లాం. చుట్టూ ట్రాఫిక్, జనం ఉంటారు కాబట్టి ద్రాస్‌లో కలిగే భావం వేరు. అయినా ఆ కుటుంబాలను ఎదురుగా చూడటం చిన్న విషయం కాదు.

ఇక ఎప్పుడు వెళ్లాలంటే, జూన్ చివర గానీ సెప్టెంబర్‌లో గానీ. జూలై 26 కార్గిల్ విజయ్ దివస్‌కు చూడాలని చాలామందికి ఉంటుంది. ద్రాస్‌లో ఉన్నవే కొద్ది గదులు, ఆ రోజుల్లో దేశం నలుమూలల నుంచి అమరుల తల్లిదండ్రులు, భార్యలు, పిల్లలు వస్తారు. ఆ వారం గదులు వాళ్లకు వదిలేసి, మనం వేరే తేదీలు చూసుకుందాం.