పాఠానికి అర్థం చెప్పడమా, కథల పుస్తకం చేతికివ్వడమా? ఆరో తరగతి ఇంగ్లీషుకు ఏది మేలు?

"అర్థమైందా?" అంటే క్లాసంతా "అయింది టీచర్" అంటుంది. అదే పాఠంలోంచి ఒక వాక్యం బోర్డు మీద రాసి చదవమంటే సగం తలలు వంగిపోతాయి. పిల్లలు అబద్ధం చెప్పలేదు. వాళ్లకు అర్థమైంది నేను చెప్పిన తెలుగు కథ.

మా స్టాఫ్ రూమ్‌లో వాదన ఎప్పుడూ ఇక్కడే మొదలవుతుంది. లైను లైనుకీ అర్థం చెప్పి, క్వశ్చన్ ఆన్సర్లు రాయించి, గ్రామర్ విడిగా చెప్పే పాత పద్ధతి మేలా? తేలికైన కథల పుస్తకాలిచ్చి బాగా చదివించి, గ్రామర్ అందులోంచే పట్టుకోనివ్వడం మేలా? రెండూ చేసి చూశాను. చదవడానికి రెండోది, గ్రామర్‌కు మొదటిది అని నా లెక్క. రాయడం దగ్గర మాత్రం రెండూ తడబడతాయి.

ముందు చదవడం సంగతి. పాత పద్ధతిలో 45 నిమిషాల పీరియడ్‌లో ఒక్కో పిల్లవాడు తన కళ్లతో చదివేది ఎంత? టీచర్ చదువుతారు, బాగా చదివే ఇద్దరు ముగ్గుర్ని లేపుతారు, బెల్ కొడతారు. వెనక బెంచీవాడి వాటాకు నాలుగు లైన్లు కూడా రావు. ఈత నేర్పుతామని గట్టున కూర్చోబెట్టినట్టు ఉంటుంది.

ఫిజీ దీవుల్లో 1980లో వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ అనే ఇద్దరు పరిశోధకులు పల్లె బడుల్లో ఒక పని చేశారు. 4, 5 తరగతుల గదుల్లో 250 చొప్పున ఇంగ్లీషు కథల పుస్తకాలు పెట్టారు. ఆ పిల్లలకూ ఇంగ్లీషు ఇంటి భాష కాదు. ఎనిమిది నెలలు తిరిగేసరికి, మామూలు పాఠాలు విన్నవాళ్లకంటే వీళ్లు చదవడంలో రెట్టింపు వేగంతో ముందుకెళ్లారు. రెండో ఏడాదికల్లా ఆ లాభం రాయడానికీ పాకింది.

అయితే పుస్తకం తేలికగా ఉండాలి. తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. అంతవరకూ తెలుగులో చదివిన పిల్లలు ఒక్కసారిగా పెద్ద పాఠాల ముందు పడ్డారు. పేజీలో ఐదు మాటలకు మించి తెలియకపోతే ఆ పుస్తకం ఇప్పటికి పక్కన పెట్టమంటాను. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో కథలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా దొరుకుతాయి. చాలా కథలు తెలుగులోనూ ఉన్నాయి. ముందు తెలుగులో చదివించి తర్వాత ఇంగ్లీషు ఇస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. ఏడో తరగతివాడికి రెండో స్థాయి పుస్తకం నామోషీ, అది నిజం. "పక్క ప్రైమరీ స్కూల్ పిల్లలకు నువ్వే చదివి వినిపించాలి" అంటే మాత్రం ఇంటికి కూడా పట్టుకెళ్తాడు.

అక్షరాలు కూడబలుక్కోవడమే రానివాడికి ఈ పద్ధతి పనికిరాదు. పుస్తకమిస్తే బొమ్మలు చూసి ఇచ్చేస్తాడు. తెలుగు రాసింది రాసినట్టు చదివే భాష. ఇంగ్లీషులో 'నైఫ్'కు ముందు పలకని 'కె' ఎందుకుందో వాడికి అంతు చిక్కదు. అలాంటివాళ్లను విడిగా కూర్చోబెట్టి నెల రెండు నెలలు శబ్దాలు నేర్పక తప్పదు.

ఇక గ్రామర్. "చదివితే అదే వస్తుంది" అనేవాళ్లతో నేను ఏకీభవించను. వారానికి ఐదారు పీరియడ్లలో అంత చదువు ఎక్కడ సాగుతుంది? 'ఐ డిడ్ నాట్ వెంట్' అన్న తప్పు చూడండి, ఎనిమిదో తరగతి దాకా వదలదు. డిడ్ తర్వాత మొదటి రూపం రాయాలని సూత్రం చెబితే పరీక్ష దాకా ఉంటుంది. ఒకరోజు తెలుగులో అడిగాను: "'వెళ్లాను'ను లేదు అని తిప్పండి." "వెళ్లలేదు" అన్నారు. "'వెళ్లానులేదు' అనరేం?" నవ్వారు. 'లేదు' చేరగానే 'వెళ్లాను' పోయి ఉత్త 'వెళ్ల' మిగిలింది కదా, ఇంగ్లీషులోనూ 'డిడ్ నాట్' రాగానే 'వెంట్' పోయి 'గో' మిగులుతుంది. ఇంగ్లీషులోనే చెప్పాలని పట్టుపడితే ఆ ఐదు నిమిషాల పని ఐదు పీరియడ్లకూ అవదు. 'మై ఫాదర్ ఈజ్ ఫార్మర్' అని రాయడం కూడా ఇలాంటిదే. "మా నాన్న రైతు" అంటాం, మధ్యలో 'ఎ' లాంటి మాట మనకు అక్కర్లేదు.

బెంగళూరులో 1979లో ఇంగ్లీషు బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు మొదలుపెట్టిన ప్రయోగంలో గ్రామర్ పాఠాలే ఉండవు. రైల్వే టైమ్‌టేబుల్, పటాల లాంటివి ఇచ్చి వాటిమీద చిక్కుప్రశ్నలు పరిష్కరించమనేవారు. తర్వాత పరీక్షలు పెట్టి చూస్తే, ఏ పద్ధతిలో నేర్చుకున్నవాళ్లు ఆ పద్ధతికి తగ్గ పరీక్షలో ముందున్నారు. మన పరీక్షల్లో గ్రామర్ బిట్లు ఉన్నన్నాళ్లూ పిల్లల్ని వాటికి దూరం పెట్టడం అన్యాయం.

ఫిజీలో ఎలా ఉన్నా, రాయడం గురించి మా దగ్గర గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. డైరీ, ఉత్తరం, సంభాషణ రాయమని పాఠ్యపుస్తకం అడుగుతుంది, గైడు రాసిపెడుతుంది. అందుకే 'మై బెస్ట్ ఫ్రెండ్' అంటే క్లాసంతటికీ ఒకే రాము. సొంతంగా రాయమంటే ఐదు వాక్యాల్లో పది తప్పులు. అన్నీ ఎర్ర సిరాతో దిద్దితే మర్నాడు ఆ పిల్ల పెన్ను పట్టుకోదు. ఈ వారం భూతకాలం తప్పులు మాత్రమే దిద్దుతాను, వచ్చేవారం ఫుల్‌స్టాప్, పెద్దక్షరాలు. నలభై నోట్సులైనా ఒక పూటలో అయిపోతాయి. నిదానంగానే సాగుతుంది, రాములు మాత్రం తగ్గారు.

కథల పుస్తకాల పద్ధతికి ఇంకో చిక్కుంది. దానికి ఆనవాలు మిగలదు. "ఇంగ్లీషు నోట్సులో ఏం లేదేంటి టీచర్?" అని తల్లులు అడుగుతారు. పాత పద్ధతిలో ఆ బాధ లేదు, నోట్సు నిండుగా ఉంటుంది. అందుకని చదివిన కథల పేర్లు, ఒక్కోదాని గురించి ఒక సొంత వాక్యం నోట్సు వెనక పేజీల్లో రాయిస్తున్నాను. తనిఖీకి వచ్చినవాళ్లు ముందు పేజీలే తిరగేస్తారు, అది వేరే సంగతి.