స్టేజ్ జీరో: ఆ ముక్క తీస్తే సరిపోతుందా, రొమ్మంతా తీయించాలా?

మా అక్కకి చేత్తో తడిమితే ఏమీ తగల్లేదు. ఆఫీసువాళ్ళు చేయించిన హెల్త్ చెకప్‌లో మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీస్తే, నల్లటి ఫిల్మ్ మీద ఒక మూల ఉప్పు పలుకులు చల్లినట్టు తెల్లటి చుక్కలు కనపడ్డాయి. బయాప్సీ చేసి డీసీఐఎస్ అన్నారు. అంటే పాలనాళాల లోపల క్యాన్సర్ కణాలు పుట్టాయి గానీ, నాళం గోడ దాటి బయటికి రాలేదు. అందుకే దీన్ని స్టేజ్ జీరో అంటారు.

"జీరో అంటే లేనట్టేగా? మరి ఆపరేషన్ ఎందుకే?" అంది అక్క.

మొదట చూపించుకున్న సర్జన్ ఐదు నిమిషాల్లో "రొమ్ము మొత్తం తీసేద్దాం, మళ్ళీ టెన్షన్ ఉండదు" అని డేటు కూడా ఇచ్చేశారు. ఆ తొందర నచ్చక ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. నిజానికి డీసీఐఎస్‌లో తొందరేం లేదు. రెండు మూడు వారాలు ఆలోచించుకున్నా మునిగిపోయేదేమీ ఉండదు.

మొత్తం తీయించడంలో ఉన్న బలం ఏమిటంటే, అదే వైపు మళ్ళీ రావడం చాలా తక్కువ, వందలో ఒకరిద్దరికే. చాలామందికి రేడియేషన్ అక్కర్లేదు. కానీ 'మళ్ళీ రావడం' వేరు, 'ప్రాణం మీదికి రావడం' వేరు. అమెరికాలో డీసీఐఎస్ వచ్చిన లక్షమందికి పైగా ఆడవాళ్ళ రికార్డులు చూసి 2015లో లెక్క తేల్చారు. ఇరవై ఏళ్ళలో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ళు 3.3 శాతం. మొత్తం తీయించుకున్నవాళ్ళలో అది అంతకన్నా తగ్గిందేమీ లేదు. కాబట్టి రొమ్ము పోగొట్టుకుని కొనుక్కునేది అదనపు ఆయుష్షు కాదు, కొంత నిశ్చింత. దానికి విలువ లేదని అనను. చుక్కలు రొమ్ములో నాలుగు చోట్లా పరుచుకున్నా, రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యువు మార్పున్నా, ఛాతీకి ఇదివరకే రేడియేషన్ ఇచ్చి ఉన్నా మొత్తం తీయించడమే చాలాసార్లు దారి అవుతుంది. అక్కకి ఇవేవీ లేవు.

ఆ భాగం వరకే తీస్తే, అంటే లంపెక్టమీ చేయిస్తే, అసలు ప్రశ్న రేడియేషన్ గురించి. చికిత్సలను పోల్చి చూసే నాలుగు ట్రయల్స్‌లోని 3,729 మంది వివరాలను కలిపి చూసిన లెక్క 2010లో వచ్చింది. ముక్క తీసి ఊరుకుంటే పదేళ్ళలో అదే రొమ్ములో మళ్ళీ వచ్చింది 28.1 శాతం మందికి. రేడియేషన్ కూడా ఇస్తే 12.9 శాతం మందికి. అవి పాత ట్రయల్స్, ఇప్పుడు మామోగ్రామ్‌లూ ల్యాబ్ పరీక్షలూ మెరుగయ్యాయి కాబట్టి అంకెలు ఇంకా తగ్గుతాయని డాక్టర్ చెప్పారు. కాకపోతే తిరిగి వచ్చినవాటిలో దాదాపు సగం నాళం దాటిన క్యాన్సర్‌గా వస్తాయి. నాకు భయం వేసింది అక్కడే. అంత తేడా ఉన్నా, పదేళ్ళలో క్యాన్సర్ మరణాల్లో మాత్రం ఈ రెండు గుంపులకీ తేడా కనపడలేదు.

చుక్కలున్న భాగం చిన్నదైతే, గ్రేడ్, అంటే కణాలు ఎంత దూకుడుగా ఉన్నాయన్న కొలత, తక్కువో మధ్యరకమో అయితే? అలాంటివాళ్ళనే ఎంచుకుని అమెరికాలో ఇంకో ట్రయల్ చేశారు. పదిహేనేళ్ళకి అదే రొమ్ములో మళ్ళీ వచ్చింది రేడియేషన్ లేనివాళ్ళలో 15.1 శాతం, ఉన్నవాళ్ళలో 7.1 శాతం మందికి. డెబ్భై దాటిన మనిషైతే రేడియేషన్ వద్దనుకోవడం నాకు సబబే అనిపిస్తుంది. అక్కకి నలభై ఎనిమిది. వయసు తక్కువైతే ఇంకా బతకాల్సిన ఏళ్ళు ఎక్కువ, తిరిగి వచ్చే అవకాశమూ ఎక్కువే. పైగా ఇప్పుడు పదిహేను, పదహారు సిట్టింగులు, మూడు వారాల్లో అయిపోతుంది. మెషీన్ మీద గడిపేది నిమిషాలే, రానుపోను ప్రయాణమే పెద్ద పని. మెషీన్ ఉన్న ఊరు దూరమైతే మూడు వారాలకి గది అద్దెకి తీసుకోవాలి, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోవడం మంచిది.

అక్క చివరికి ఎంచుకున్న లంపెక్టమీకి ఒక మెలిక ఉంది, అది మాకు ఆపరేషన్ అయ్యాకే అర్థమైంది. తీసిన ముక్క అంచులకి ల్యాబ్‌లో రంగు సిరా పూస్తారు. తర్వాత సన్నగా కోసి, ఆ సిరాకి క్యాన్సర్ కణాలు ఎంత దూరంలో ఉన్నాయో మైక్రోస్కోప్‌లో కొలుస్తారు. రేడియేషన్ ఇవ్వబోయేవాళ్ళకి కనీసం 2 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలన్నది 2016 నుంచి అమెరికా సంఘాలు పెట్టుకున్న కొలత. అక్క రిపోర్ట్‌లో మూడు వైపులా బాగానే ఉంది, ఒక వైపు 1 మిల్లీమీటరే. మళ్ళీ ఆపరేషన్ థియేటర్‌కి వెళ్ళాల్సి వచ్చింది. "ఈ మాట ముందే చెప్తే గుండె దిటవు చేసుకునేదాన్ని కదా" అని అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అసలు కోయకుండా కనిపెట్టుకుని ఉండే దారి కూడా ఉంది. కామెట్ అనే ట్రయల్‌లో తక్కువ, మధ్య గ్రేడ్ ఉన్న 957 మందిని చూశారు. 2024 డిసెంబర్‌లో ఫలితాలు వచ్చాయి. రెండేళ్ళలో నాళం దాటిన క్యాన్సర్ బయటపడింది ఆపరేషన్ వైపు 5.9 శాతం మందికి, కనిపెట్టుకున్న వైపు 4.2 శాతం మందికి. వినడానికి బాగుంది గానీ, రెండేళ్ళు చాలా చిన్న గడువు. ఆరు నెలలకోసారి మామోగ్రామ్ తప్పకుండా చేయించుకోవాలి, చాలామంది హార్మోన్ పనిని అడ్డుకునే మాత్రలు కూడా వాడారు. చుట్టం పెళ్ళికని చెకప్ వాయిదా వేసే మా ఇంట్లో ఇది నడిచేది కాదు.

ఇక మాత్ర. బయాప్సీలో ఈఆర్ పాజిటివ్ (ఈస్ట్రోజన్ హార్మోన్‌తో పెరిగే రకం) అని వస్తేనే దాని మాట. టామాక్సిఫెన్ అదే రొమ్ములో మళ్ళీ రావడాన్ని కొంత తగ్గిస్తుంది, రెండో రొమ్ముకీ కాపుగా ఉంటుంది. మామూలు మోతాదు రోజుకి 20 మిల్లీగ్రాములు, ఐదేళ్ళు. ఒళ్ళంతా వేడి ఆవిర్లు, అరుదుగా కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టడం లాంటి ఇబ్బందులున్నాయి. ఇటలీలో 500 మందిలో దాదాపు సగం మందికి 5 మిల్లీగ్రాములే, మిగతావాళ్ళకి మందు లేని ఉత్త మాత్ర, మూడేళ్ళు ఇచ్చి చూశారు. ఐదేళ్ళలో రొమ్ములో మళ్ళీ సమస్య వచ్చింది మాత్ర వేసుకున్నవాళ్ళలో 5.5 శాతం, ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళలో 11.3 శాతం. 5 మిల్లీగ్రాముల బిళ్ళ మాకు దొరకలేదు. అందుకని డాక్టర్ 10 మిల్లీగ్రాములది రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. గోడ మీది క్యాలెండర్‌లో పాల ప్యాకెట్ల లెక్క పక్కనే అక్క ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టుకుంటోంది.