ఆరు రోజుల చీకటి తర్వాత: ఇన్వర్టర్, జనరేటర్, సోలార్ ప్యానెళ్ళతో నా అనుభవం

2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటేనాటికి మా ఇంట్లో ఇన్వర్టర్ పెట్టి రెండేళ్ళయింది. 900 వీఏ (ఎంత లోడు మోయగలదో చెప్పే కొలత) సామర్థ్యం గల ఇన్వర్టర్, 150 యాంపియర్ అవర్ల (ఎంత కరెంటు నిల్వ ఉంచగలదో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీ, వాటి మీద రెండు ఫ్యాన్లు, మూడు దీపాలు. అప్పటి రెండు మూడు గంటల కోతలకు అది ఎంతగా అలవాటైపోయిందంటే, ఆ రోజు తెల్లవారుజామున కరెంటు పోయినప్పుడు కూడా మేము తలుపులూ కిటికీలూ బిగించుకొని ఫ్యాన్ల కిందనే కూర్చున్నాము. రాత్రికి కొంత దాచుకోవాలన్న ఆలోచన ఇంట్లో ఒక్కరికీ రాలేదు. మధ్యాహ్నానికి ఇన్వర్టర్ కూత పెట్టి ఆగిపోయింది. వీధిలో స్తంభాలు వరుసగా ఒరిగిపోవడంతో మాకు తిరిగి కరెంటు వచ్చింది ఏడో రోజున. అంటే, ఆరు రోజుల చీకటిలో ఆ ఇన్వర్టర్ పనిచేసినది మొదటి ఆరు గంటలు, అదీ పట్టపగలు.

ఆ తర్వాత ఈ పదకొండేళ్ళలో నేను ఒక పెట్రోలు జనరేటర్, రెండు సోలార్ ప్యానెళ్ళు కొన్నాను, బ్యాటరీని రెండుసార్లు మార్చాను, ఫ్యాన్లన్నీ మార్చాను. ఏటా సెప్టెంబరులో ఒక శుక్రవారం సాయంత్రం మెయిన్ స్విచ్ దించి ఆదివారం రాత్రి దాకా ఎత్తకుండా ఉంటున్నాను. ఇంట్లోవారికి ఇది నా పిచ్చి. కానీ ఇక్కడ చెప్పబోయే అంకెల్లో చాలా వరకు ఆ రెండు రోజుల్లో రాసుకున్నవే.

ముందుగా ఇన్వర్టర్ గురించి. అది కరెంటును పుట్టించదు. గంగాళంలో పట్టి ఉంచిన నీళ్ళవలె, ఉన్నది వాడుకోనిస్తుంది, అంతే. 12 వోల్టుల 150 యాంపియర్ అవర్ల బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. కానీ ఆ 150 అన్న అంకె ఇరవై గంటల పాటు నెమ్మదిగా తోడుకుంటే దొరికేది. 75 వాట్ల పాత ఫ్యాన్లు రెండు, మూడు దీపాలు కలిసి దాదాపు 200 వాట్లు లాగుతుంటే, ఇన్వర్టర్ తనకు తాను తినేది కూడా కలుపుకొని బ్యాటరీ నుంచి 20 యాంపియర్లు పోతాయి. అంత వేగంగా తోడినప్పుడు బ్యాటరీ తన పూర్తి సామర్థ్యాన్ని ఇవ్వదు. మాకు ఆరు గంటలు రావడం దుకాణదారు మోసం కాదు, లెక్క ప్రకారం వచ్చినదే. ఖాళీ అయిన బ్యాటరీని అదే స్థితిలో వారం రోజులు వదిలివేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. మా మొదటి బ్యాటరీ 2017లోనే చేతులెత్తేయడానికి ఆ వారం కొంత కారణమని నా నమ్మకం. దాని తర్వాతది 2022 వరకు వచ్చింది.

జనరేటర్‌ను 2015లో కొన్నాను, రెండు కేవీఏ (రెండు వేల వీఏ) లోపుది, తాడు లాగి స్టార్ట్ చేసేది. దాదాపు 40,000 రూపాయలైంది. నా కొనుగోళ్ళలో నన్ను ఎక్కువగా విసిగించినది ఇదే. నిండు లోడు మీద గంటకు సుమారు లీటరు పెట్రోలు తాగుతుంది. తుఫాను తర్వాత బంకుల దగ్గర బారులు ఎలా ఉంటాయో హుద్‌హుద్ చూసిన విశాఖవాసులకు చెప్పనక్కరలేదు. ఇంట్లో డబ్బాలకొద్దీ పెట్రోలు నిల్వ ఉంచడం ప్రమాదం, పైగా నెలల తరబడి నిల్వ ఉన్న పెట్రోలు పాడవుతుంది. మొదటి ఏడాది ట్యాంకులో పెట్రోలు ఉంచి మరిచిపోయాను. అవసరమైన రోజున కార్బురేటర్ జిగురు పట్టి ఉంది, ఎంత లాగినా భుజం నొప్పి తప్ప ఫలితం లేదు. అప్పటి నుంచి నెలకొకసారి పావుగంట నడిపి, ఇంధనం కుళాయి మూసి, కార్బురేటర్‌లో మిగిలినది అయిపోయి ఇంజను తానుగా ఆగేదాకా ఉంచుతున్నాను. ఆ తర్వాత ఇబ్బంది పెట్టలేదు.

అయినా దానిని అమ్మివేయకపోవడానికి కారణం నీళ్ళు. దీపం లేకపోతే కొవ్వొత్తి ఉంది, ఫ్యాను లేకపోతే విసనకర్ర ఉంది, మేడ మీది ట్యాంకు ఖాళీ అయితే మాత్రం బిందెలు పట్టుకొని వీధిలోకి వెళ్ళవలసిందే. మా సంపు మీది అర హెచ్‌పీ మోటారును ఈ జనరేటర్ ఒక్క క్షణం మూలిగి నడుపుతుంది. బోరులోని ఒకటిన్నర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారును మాత్రం అది నడపలేదు. మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది, మోటారు పలక మీది అంకెను చూసి జనరేటర్ కొనేవారు ఇక్కడే దెబ్బతింటారు. ఇప్పుడు నా పద్ధతి ఒకటే: పొద్దున ఒక గంట మాత్రం జనరేటర్, ముందు మోటారు, అది ఆగాక ఫ్రిజ్, పక్కనే ఇన్వర్టర్ చార్జింగు. మొదట్లో జనరేటర్ కరెంటును మా ఇన్వర్టర్ అసలు తీసుకునేది కాదు. వెనుక ఉన్న చిన్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉన్నంత కాలం వోల్టేజీ కాస్త ఊగినా తిరస్కరిస్తుందనీ, దానిని రెండో మోడ్‌కు మార్చితే ఊగిసలాటను ఓర్చుకొని చార్జ్ చేసుకుంటుందనీ తెలియడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

జనరేటర్ విషయంలో రెండు మాటలు గట్టిగా చెప్పాలి. వరండాలోనైనా, మెట్ల కిందనైనా, కిటికీ పక్కనైనా దానిని నడపకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవారికి మెలకువ రాదు. రెండోది, రెండు వైపులా పిన్నులున్న వైరును గోడ ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా వెలిగించే అలవాటు మా వీధిలోనే చూశాను. మెయిన్ దించడం మరిచిపోతే ఆ కరెంటు వీధిలోకి ఎదురు వెళ్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ గుండా వేల వోల్టులై, స్తంభం మీద మన కోసమే పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. ఇంటిని వీధి లైనుకో, జనరేటర్‌కో ఒక్కదానికే కలిపే చేంజ్ ఓవర్ స్విచ్‌కు అయ్యే ఖర్చు జనరేటర్ ధర ముందు ఎంత?

2019లో కొన్న ప్యానెళ్ళతో పరిస్థితి మారింది. ఒక్కొక్కటి 160 వాట్లవి రెండు, ప్యానెళ్ళ కరెంటును బ్యాటరీకి తగినట్లు పంపే 30 యాంపియర్ల చార్జ్ కంట్రోలర్, స్టాండుతో కలిపి దాదాపు 18,000 రూపాయలు. మంచి ఎండ ఉన్న రోజున బ్యాటరీలోకి 80 యాంపియర్ అవర్ల దాకా చేరుతాయి. మబ్బు పట్టిన రోజున 20 కూడా కష్టమే. హుద్‌హుద్ వెళ్ళిన మర్నాటి నుంచి మాకు చెట్టు నీడ కూడా లేని ఎండ కాచింది, అప్పుడు ఈ రెండు ప్యానెళ్ళు ఉండి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ వస్తుంది. తుఫాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ వాటిని విప్పి పడకగదిలో మంచం వెనుక నిలబెడతాను. ఒక్కోదానికి నాలుగు బోల్టులు, పన్నెండు కిలోల బరువు, ఇద్దరికి అరగంట పని.

డాబాల మీద ఇప్పుడు కనిపిస్తున్న పెద్ద సోలార్ వేరు. 2024లో కేంద్రం ప్రారంభించిన సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఇస్తున్నారు, బిల్లు తగ్గించుకోవడానికి అది మంచి పథకమే. అయితే బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు, అంటే వీధి కరెంటు లైనుకు, కలిపిన సోలార్, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది, లైన్‌మన్ భద్రత కోసం దానిని అలాగే తయారుచేస్తారు. మా వెనుక వీధివారు అది పెట్టించుకున్న నెలలోనే కరెంటు పోయింది. నడినెత్తిన ఎండ, ఇంట్లో ఫ్యాను తిరగలేదు. పెట్టినవారు ఈ సంగతి ముందే చెప్పి ఉండవలసింది.

అన్నింటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ లాభం ఇచ్చినవి బ్యాటరీ వైపువి కావు, పైకప్పుకు వేలాడేవి. 2021లో బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని, తక్కువ కరెంటు తినే మోటారు గల) ఫ్యాన్లు పెట్టాను, ఒక్కొక్కటి 3,000 రూపాయలు. నిండు వేగంతో తిరిగినా 30 వాట్లు దాటవు. రెండు ఫ్యాన్లు, మూడు ఎల్‌ఈడీ దీపాలకు కలిపి 90 వాట్ల లోపు. అంటే బ్యాటరీ నుంచి తొమ్మిది యాంపియర్లు. అదే సామర్థ్యం గల బ్యాటరీ ఆరు గంటల నుంచి పద్నాలుగు గంటలకు పెరిగింది, ఇక రాత్రి తొమ్మిది గంటలు వాడినది మర్నాటి ఎండ తిరిగి నింపుతుంది. రెండేళ్ళ క్రితపు సెప్టెంబరు పరీక్షలో ఆదివారం రాత్రి మెయిన్ ఎత్తేటప్పటికి బ్యాటరీ ఇంకా నిండుగానే ఉంది, జనరేటర్ రెండు ఉదయాలు నీళ్ళకు, ఫ్రిజ్‌కు మాత్రమే పనిచేసింది. 2014లో నాన్నగారి ఇన్సులిన్‌ను తడిగుడ్డ చుట్టిన మట్టి కుండలో కాపాడుకున్నాము. ఫ్రిజ్ ఉదయం గంట నడిచినా ఆ కుండను మాత్రం అటక మీద నుంచి దించి సిద్ధంగానే ఉంచుతున్నాను.

లిథియం బ్యాటరీ నేను సొంతంగా వాడలేదు. తమ్ముడి ఇంట్లో చూసినంతలో తేలిక, త్వరగా నిండుతుంది, డిస్టిల్డ్ వాటర్ పోసే పని లేదు. పాత ఇన్వర్టర్‌కు దానిని నేరుగా తగిలించకూడదు, ధర రెట్టింపుకు పైనే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లోని మా చెల్లెలి ఇంట్లో ఇన్వర్టర్, బ్యాటరీ రెండూ మెట్ల కింద నేల మీద ఉండి నీళ్ళలో మునిగిపోయాయి. చెల్లెలు ఫోన్‌లో ఈ సంగతి చెప్పిన రోజు సాయంత్రమే మా బ్యాటరీని ట్రాలీతో సహా మేడ మీది గదికి చేర్పించాను. యాభై కిలోలు దాటిన బరువును మెట్లెక్కించడానికి ముగ్గురు కావలసివచ్చారు. అది ఇప్పుడు మూడో బ్యాటరీ. గత నెల బ్యాటరీలోని ఆమ్లం సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్‌తో చూస్తే అయిదు గదుల్లో 1240, ఒక దానిలో 1210 ఉంది, అంటే ఆ గది బలహీనపడుతోంది. వచ్చే అక్టోబరు లోగా మార్చాలి.